ఆరుబయట చదువుకు కట్టిన రిబ్బను

ఒక పెద్ద అడవిలో, వాగుకి ఈవలి గట్టున, చిన్నపిల్లల బడి ఒకటి ఉండేది. బడి అంటే ఒకే ఒక్క గది. పైన తాటాకు, కింద పేడతో అలికిన నేల. ఆ గదిలో ఎవరూ పెద్దగా ఏమీ నేర్చుకునేవారు కాదు. నేర్చుకునేదంతా గది వెనకాల ఉన్న ఖాళీ జాగాలోనే.

ఆ జాగా అంటే పెద్దలకి అసలు గిట్టేది కాదు. ఎప్పుడో గాలివానకి కూలిన మద్దిమాను ఒకటి అక్కడ అడ్డంగా పడి ఉండేది. దాని పక్కన బురదగుంట, గుంట చుట్టూ నున్నటి రాళ్ళు, ఎవరూ నాటని తుప్పలు. పిల్లలు మాను మీద నడిచేవారు, జారి గుంటలో పడేవారు, లేచి మళ్ళీ ఎక్కేవారు. సాయంత్రానికి ఎవరి పిల్ల ఎవరో కన్నతల్లులే పోల్చుకోలేకపోయేవారు.

బడికి ఒక్కతే టీచరు. పేరు అలివేలు. ఆమె ఒక అలుగు. ఒంటినిండా గట్టి పెంకులు, నోట్లో మెత్తటి మాట. ఆమెకి ఒక అలవాటు ఉండేది. పైవాళ్ళు ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, తల పొట్టలోకి దూర్చి ఉండలా చుట్టుకుపోయేది. పెద్దలు దాన్ని వినయం అనుకుని మెచ్చుకునేవారు.

పిల్లలందరి ఇళ్ళూ వాగుకి ఆవలి గట్టున ఉండేవి. ఎండాకాలం ఇసుకలో నడిచి వచ్చేసేవారు. తొలకరి పడితే మాత్రం వాగులో నీళ్ళొస్తాయి. అప్పుడు రాయి ఎక్కడుందో కాలితో తడుముకుంటూ, జారితే మునిగిపోకుండా తేలుతూ ఇల్లు చేరాలి. చేరలేని పిల్ల ఈ గట్టునే ఉండిపోవాలి. ఈ గట్టున పొద్దుపోయాక చిరుతపులి తిరుగుతుంది. పోయిన ఏడు ఒక కుందేలుపిల్ల అలా ఉండిపోయింది. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి అలివేలు టీచరు ఇప్పటికీ తలెత్తి వాగు వైపు చూస్తుంది.

అందుకే ఆమె చెప్పే చదువంతా ఆ మాను మీద, ఆ గుంటలో. ఈ ఏడు ఆమె బెంగంతా చుక్కి మీద. చుక్కి దుప్పిపిల్ల. నీళ్ళంటే చచ్చేంత భయం. తొలకరి లోపల దీనికి నీళ్ళు అలవాటు చేయకపోతే నేను టీచరునే కాదు అని అలివేలు అనుకునేది. ఎన్నో బుజ్జగింపుల మీద చుక్కి అప్పటికి ముందుకాళ్ళు రెండూ గుంటలో పెట్టింది. వెనక్కాళ్ళు ఇంకా రావాలి.

అలాంటి సమయంలో రాజధాని గుహ నుంచి ఉత్తర్వు దిగింది.

"ఇకమీదట ప్రతి బడిలోనూ ఆరుబయట చదువు జరగవలెను. పిల్లల్లో సృజన పొంగిపొర్లవలెను. అందుకు తగినట్టుగా బడి ఆవరణను అభివృద్ధి చేయవలెను. రాజుగారు స్వయంగా వచ్చి ప్రారంభించెదరు."

అది చదివి అలివేలు టీచరు పొంగిపోయింది. "మనం చేసే పనేగా ఇది! ఇన్నాళ్ళకి పైవాళ్ళకి కూడా తెలిసింది" అని పిల్లలకి తలా ఒక రేగుపండు పంచింది. పాపం, ఆమె చదువు, సృజన అన్న మాటల దగ్గరే ఆగిపోయింది. అభివృద్ధి అన్న మాటని సరిగా చూసుకోలేదు.

మర్నాడే బడి కమిటీ దిగింది. కమిటీ ప్రెసిడెంటు ఏనుగు కుంజరరావు గారు. అడవిలో ఏ రాయి మీద చూసినా ఆయన పేరు చెక్కి ఉంటుంది. ఆయన వెంట కంట్రాక్టరు వరహాలు వచ్చాడు. వరహాలు అడవిపంది. పొద్దున్నే బురదస్నానం ముగించుకుని తిన్నగా వచ్చాడేమో, చెవుల నుంచి ఇంకా కారుతోంది. మూడో ఆయన సృజన నిపుణుడు, నెమలి శిఖిమూర్తి గారు. ఎవరైనా చూస్తున్నారని అనుమానం వస్తే చాలు, పురి విప్పేస్తాడు.

ముగ్గురూ బడి వెనక్కి వెళ్ళారు. పిల్లలు మాను మీంచి వరసగా గుంటలోకి దూకుతున్నారు.

"ఆరుబయట చదువు ఇక్కడ ఎక్కడ జరుపుతాం?" అన్నాడు శిఖిమూర్తి ముక్కు చిట్లించి. "అంతా పిల్లలతో నిండిపోయి ఉంది."

"బురద మంచిది కాదండీ" అన్నాడు వరహాలు. "బురద సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. పిల్లలకి అసలు పనికిరాదు. తీసి అవతల పారేయిస్తా."

"ఆ మాను ఏమిటమ్మా అలా ఉంది? పిల్లలు పడరూ?" అన్నారు కుంజరరావు.

"పడతారండీ" అంది అలివేలు సంబరంగా. "పడితేనే కదండీ..."

"పడతారని టీచరుగారే ఒప్పుకుంటున్నారు. మాను తీయించండి."

"అది కాదండీ, తొలకరికి పిల్లలు వాగు దాటాలి కదా, మాను మీద నడక వస్తేనే..."

"టీచరమ్మా!" అన్నారు కుంజరరావు, గొంతు కాస్త పెంచి. "రేపు ఎవరి కాలో విరిగితే ఎవరి మీదికొస్తుంది? మీ మీదికా, నా మీదికా?"

అలివేలు చటుక్కున ఉండ చుట్టుకుపోయింది.

"టీచరుగారికి అభ్యంతరం లేదు" అన్నారు కుంజరరావు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

పని మొదలైంది. మాను పోయింది, రాళ్ళు పోయాయి, తుప్పలు పోయాయి. బురదంతా ఎత్తిపోశారు. ఆ చెత్తని దూరం మోయడం దేనికని వరహాలు కమిటీ ఆఫీసు వెనకాల పల్లంలో గుట్టగా పారబోయించాడు. బడి వెనక జాగా అంతా చదును చేసి సిమెంటు పోశారు. దాని మీద నీలంరంగుతో వంకరటింకరగా ఒక వాగు గీశారు. వాగులో నవ్వుతున్న చేపల్ని గీశారు. పీకేసిన తుప్పల స్థానంలో ఒక సిమెంటు చెట్టు కట్టి ఆకుపచ్చ రంగు వేశారు. చివరికి చుట్టూ ఎత్తుగా గోడ లేపారు.

"ఆరుబయటకి గోడ దేనికండీ?" అని అడిగింది అలివేలు.

"గోడ లేకపోతే ఆరుబయట ఎక్కడిదాకా ఉందో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు కుంజరరావు జాలిగా. గోడకి నిలువెత్తు శిలాఫలకం అమర్చారు. అందులో రాజుగారి పేరు అంగుళమంత, కుంజరరావు గారి పేరు మూరెడు.

అన్నీ అయ్యాయి. గేటుకి ఎర్ర రిబ్బను కట్టి తాళం వేశారు. రాజుగారు వచ్చి కత్తిరించేదాకా లోపల ఎవరూ కాలు పెట్టకూడదు. అది మన అడవి ఆచారం. నుయ్యి తవ్వినా అంతే, వంతెన కట్టినా అంతే. రిబ్బను తెగనిదే నూతిలో నీళ్ళు తోడరు, వంతెన కింద ఈదుకుంటూ పోతారు.

రాజుగారి తేదీ దొరకడం మాటలు కాదు. ఒక వారం వేట ఉందన్నారు. మరో వారం మేనల్లుడి పెళ్ళన్నారు. ఆ పెళ్ళిలో గర్జించి గర్జించి గొంతు పోయిందన్నారు. గొంతు లేని రాజుని పిలిస్తే ఏం బాగుంటుందని కుంజరరావు గారే ఇంకొన్నాళ్ళు ఆగారు.

ఈలోగా ఆరుబయట చదువు గదిలో జరిగింది. శిఖిమూర్తి గారు దానికి ఒక పాఠం తయారుచేశారు. కిటికీలోంచి బయటికి చూస్తే ధ్యాస చెడుతుందని కిటికీ మూయించి, పిల్లల చేత వల్లె వేయించారు.

"బయట ఏమున్నది?"

"బయట చెట్టు ఉన్నది."

"బయట ఇంకా ఏమున్నది?"

"బయట గాలి ఉన్నది."

పిల్లలు చెమటలు కక్కుకుంటూ చెప్పేవారు. ఆ తర్వాత సృజన పీరియడు. శిఖిమూర్తి గారు పురి విప్పి నిలబడితే పిల్లలు ఆయన బొమ్మ గీయాలి. కోతిపిల్ల తిమ్ము ఒకనాడు మద్దిమాను బొమ్మ గీశాడు.

"ఏమిట్రా ఇది?"

"నాకు తోచింది గీశానండి."

"తోచింది గీయడం అల్లరి. సృజన అంటే నేను చెప్పింది నువ్వు ఇష్టపడి గీయడం" అని తిమ్ము చేత తన బొమ్మే గీయించి, తోకకి ఇంకో పాతిక కళ్ళు వేయించారు శిఖిమూర్తి.

అలివేలుకి మాత్రం కంటి మీద కునుకు లేదు. పడమట మబ్బు కనిపిస్తే చాలు, వాగు దాకా వెళ్ళి చూసొచ్చేది. ఒకరోజు ధైర్యం చేసి కమిటీ ఆఫీసుకి వెళ్ళింది.

"అయ్యా, ఒక్క పూట తాళం ఇప్పించండి. చుక్కికి ఇంకా వెనక్కాళ్ళు రాలేదు. తొలకరి ముంచుకొస్తోంది."

"రాజుగారి పాదం పడని చోట దుప్పిపిల్ల గిట్టలు పడితే నా ప్రెసిడెంటు గిరీ ఉంటుందా అమ్మా?"

"పోనీ తాళమిచ్చినా, ఆ రంగు వాగు మీద దాటడం ఎలా నేర్పనండీ? అందులో నీళ్ళు లేవుగా."

"ఊహించుకోమనండి!" అన్నాడు శిఖిమూర్తి ఉత్సాహంగా. "సృజన అంటే అదే కదా!"

అలివేలు అక్కడే ఉండ చుట్టుకుపోబోయి, ఆఫీసు మెట్ల మీంచి దొర్లిపోతానని భయపడి, తలవంచుకుని వచ్చేసింది. దారి పొడుగునా ఏడ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా ఆమెకి తెలియలేదు.

అప్పటినుంచే ఇంకో తలనొప్పి మొదలైంది. మధ్యాహ్నం గంట కొట్టాక పిల్లలు తిరిగి రావడం మానేశారు. మొదట తిమ్ము, తర్వాత ఎలుగుపిల్ల బుంగ, తర్వాత ముంగిసలు. ఆఖరికి చుక్కి కూడా. ఒకరోజు గదిలో శిఖిమూర్తి గారూ గోడకున్న ఆయన బొమ్మలూ తప్ప ఎవరూ మిగల్లేదు. బొమ్మలన్నీ ఉండటం వల్ల ఆయన ఆ సంగతి గమనించలేదు.

అలివేలు వెతుక్కుంటూ బయల్దేరింది. బెత్తం కూడా పట్టుకుంది. ఆమె బెత్తం పట్టడం అదే మొదలు. కమిటీ ఆఫీసు వెనకాలకి వచ్చేసరికి పల్లంలోంచి కేరింతలు వినిపించాయి.

వరహాలు పారబోయించిన చెత్త అక్కడ గుట్ట పడి ఉంది. పల్లంలో ఊట నీరు చేరి బురద బాగా మెత్తబడింది. మద్దిమాను ఒక కొన గుట్ట మీద, రెండో కొన నీళ్ళలో. పిల్లలు దాని మీంచి వరసగా దిగుతున్నారు. బడి వెనకది దోసెడు గుంట, ఇది పెద్ద మడుగు.

మడుగు నడుమ ఒక చిన్న తల కనిపించింది. చుక్కి.

"టీచర్!" అని అరిచింది చుక్కి, నోట్లోకి పోతున్న నీళ్ళు ఉమ్ముతూ. "వెనక్కాళ్ళు వచ్చేశాయ్ టీచర్! ఎప్పుడొచ్చాయో నాకే తెలీలేదు!"

అలివేలు చేతిలో బెత్తం జారిపోయింది. ఆమె అటూ ఇటూ చూసి, తోక ఎగదోపుకుని, తనూ బురదలోకి దిగింది. అంత సంతోషం ఆమె అంతకుముందు ఎరగదు.

అది మొదలు చదువంతా అక్కడే సాగింది. పైన ఆఫీసులో ప్రారంభోత్సవం నాడు ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలన్న చర్చ రోజూ జరుగుతూనే ఉంది. వెనక కిటికీ తీస్తే పిల్లలు కనబడేవారే. కానీ వెనక ఉన్నది చెత్త అని కమిటీకి తెలుసు కాబట్టి ఎవరూ తీయలేదు.

చిట్టచివరికి రాజుగారి తేదీ దొరికింది. ఆ రోజు తెల్లారేసరికి ఆకాశం నల్లగా దిగబడి ఉంది.

"వాన వచ్చేలా ఉందండీ, ఇంకో రోజుకి మారిస్తే..." అన్నాడు వరహాలు.

"వానదేముందయ్యా, ఏటా వస్తుంది. రాజుగారు మళ్ళీ వస్తారా?" అన్నారు కుంజరరావు.

సింహం రాజుగారు వేంచేశారు. పిల్లలు గోడ బయట వరసగా నిలబడి, నెత్తిన తలా ఒక నెమలీక పెట్టుకుని స్వాగతగీతం పాడారు. రాజుగారు రిబ్బను కత్తిరించి పెద్దలతో లోపలికి నడిచారు. పిల్లలు వెంట వెళ్ళబోతే వరహాలు గేటు మూసేశాడు.

"మీరు రాకూడదు. కొత్త సిమెంటు. మరకలు పడతాయి."

లోపల ఉపన్యాసాలు సాగాయి. పిల్లలకి సృజన ఎంత ముఖ్యమో గోడ బయట నిలబడ్డ పిల్లలకి వినిపిస్తూ ఉంది. శిఖిమూర్తి గారు పురి విప్పి మాట్లాడటానికి లేచారు. ఆయన లేచారో లేదో, కుండలతో కుమ్మరించినట్టు వాన పట్టుకుంది.

పాత రోజుల్లో ఎంత వాన కురిసినా ఆ నేల తాగేసేది. ఇప్పుడు తాగడానికి అక్కడ నేల లేదు. చుట్టూ గోడ ఉండటంతో నీళ్ళు పోవడానికి దారీ లేదు. చూస్తుండగానే రంగు వాగులో నిజం నీళ్ళు నిలిచాయి, నవ్వుతున్న చేపలు మునిగిపోయాయి, కుర్చీలు తేలాయి. గేటు లోపలికి తెరుచుకునే రకం. నీళ్ళు దాన్ని లోపలి నుంచి అదిమిపెట్టడంతో ఎంత లాగినా కదల్లేదు. కుంజరరావు గారు తలుచుకుంటే గోడ ఒక్క తోపుకి కూలేది. కానీ ఆయన పేరున్నది ఆ గోడ మీదే. అందుకని రాజుగారిని నెత్తినెక్కించుకుని నీళ్ళలో అలాగే నిలబడ్డారు. శిఖిమూర్తి గోడెక్కి కూర్చున్నాడు. ఆయన తోక తడిసి ఈనుపుల్లల చీపురులా వేలాడుతోంది. వరహాలు ఒక్కడే సుఖంగా ఉన్నాడు.

గోడ బయట అలివేలు వాగు వైపు చూసింది. ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. రాళ్ళు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. ఇంకాసేపు ఆగితే ఏ పిల్లా దాటలేదు.

"పదండి పిల్లలూ" అంది.

"టీచరమ్మా!" గోడ మీంచి కుంజరరావు గారి తొండం, దాని వెనకే ఆయన గొంతు పైకి లేచాయి. "ఎక్కడికి? వందన సమర్పణ ఉంది! పిల్లలు కదలడానికి వీల్లేదు! రాజుగారు చూస్తున్నారు!"

అలివేలు తల అలవాటు కొద్దీ పొట్ట వైపు వంగింది. పెంకులు టకటకమని ముడుచుకోబోయాయి. అప్పుడు చుక్కి ఆమెని ఆనుకుని నిలబడి వణకడం తెలిసింది. అలివేలు తల మళ్ళీ పైకి లేచింది.

"వందనం రేపు చెప్పుకుందాం సార్! ఇవాళ పిల్లలు ఇళ్ళకెళ్ళాలి!" అని అరిచింది. అంత గొంతు తనలో ఉందని ఆమెకే తెలీదు.

పిల్లలు వాగులోకి దిగారు. తిమ్ము ముందు, వాడి తోక పట్టుకుని ముంగిసలు, వాళ్ళ వెనక బుంగ. కాలితో తడుముకుంటూ ఒక్కో రాయీ దాటుతున్నారు. నడివాగులో చుక్కి కాలు జారింది. తల మునిగిపోయింది. ఆవలి గట్టున తల్లి దుప్పి కేక పెట్టింది. కొంచెం కిందుగా చెవులు లేచాయి, ముక్కు లేచింది. చుక్కి కంగారు పడకుండా నీటివాలుకే తేలి, ఇంకో రాయి అందుకుని, నాలుగు కాళ్ళతోనూ గట్టెక్కింది. తల్లి దాన్ని నాకి నాకి ముద్ద చేసేసింది. ఆ సాయంత్రం ఈ గట్టున ఒక్క పిల్ల కూడా మిగల్లేదు.

కుంజరరావు గారి నెత్తి మీంచి రాజుగారు ఇదంతా చూశారు.

"భేష్!" అన్నారు. "ఎక్కడ నేర్చుకున్నారు వీళ్ళు?"

"ఇక్కడే మహారాజా, మన ఆవరణలోనే" అన్నారు కుంజరరావు.

"ఇప్పుడేగా రిబ్బను కత్తిరించాను?"

"తమరి హస్తవాసి అలాంటిది మహారాజా! ఇంకా కత్తెర కింద పెట్టనే లేదు, పిల్లలకి వాగు దాటడం వచ్చేసింది."

రాజుగారు మీసం దువ్వుకున్నారు. కథ అక్కడితో ఆగితే బాగుండేది. కానీ వరహాలుకి తన గొప్ప ఎవరూ చెప్పడం లేదని ఉక్రోషం వచ్చింది. పిల్లల ఆట వాడికి ముందునుంచీ తెలుసు. పొద్దున్నే తను స్నానం చేసేది కూడా ఆ మడుగులోనే.

"అది కాదు మహారాజా! వీళ్ళు రోజూ ఆఫీసు వెనకాల చెత్తలో ఆడతారు. ఆ చెత్త పోయించింది నేనే!"

రాజుగారు కాసేపు ఆలోచించారు. నీళ్ళు కుంజరరావు గారి చెవుల దాకా వచ్చాయి.

"అంత మంచి చోటుని అలా వదిలేశారా?" అన్నారు చివరికి. "వెంటనే దాన్ని కూడా అభివృద్ధి చేయండి!"

ఆ రాత్రి గేటు ఊడి నీళ్ళు పోవడంతో పెద్దలు బయటపడ్డారు. వారం తిరక్కుండా వాన తెరిపిచ్చింది. కమిటీ పల్లం చుట్టూ కొలతలు తీసింది. శిఖిమూర్తి గారు సిమెంటు మాను నమూనా పట్టుకొచ్చారు. కుంజరరావు గారు టీచరుని పిలిపించారు.

"అభ్యంతరం ఏమైనా ఉందా టీచరమ్మా?"

ఉండ చుట్టుకుంటుందేమో, అంగీకారం రాసేసుకుందామని అందరూ చూశారు. ఆమె చుట్టుకోలేదు. వాదించనూ లేదు.

"శుభం సార్" అంది నవ్వుతూ. "రిబ్బను మంచి రంగుది తెప్పించండి. రాజుగారి తేదీ నిదానంగా తీసుకోండి, తొందరేం లేదు."

ఆ మధ్యాహ్నం కుంజరరావు గారు ఆఫీసు అరుగు మీద నిలబడి ఉండగా, బడి మొత్తం వరస కట్టి తుప్పల్లోకి పోతూ కనిపించింది. ముందు పిల్లలు, వెనక టీచరు.

"ఎక్కడికమ్మా అంతా కలిసి?"

"ఒంటికండీ."

"అందరికీ ఒక్కసారే వచ్చిందా?"

"వానాకాలం కదండీ" అంది అలివేలు.

కుంజరరావు గారు ఎంతైనా పెద్దమనిషి. మర్యాదగా మొహం అటు తిప్పుకున్నారు.

నీతి: పిల్లలు ఎక్కడ నేర్చుకుంటున్నారో పెద్దలకి తెలియనంత కాలమే చదువు చల్లగా ఉంటుంది.